వైరస్ వ్యాధులు ప్రబలినప్పుడు థైరాయిడ్ వాపు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏదైనా వైరస్ వ్యాధి పెద్ద ఎత్తున ప్రబలిన రోజుల్లో ఒంట్లో ఏ తేడా వచ్చినా దాన్ని ఆ వైరస్ ఖాతాలోనే వేస్తాం. నీరసం దాని వల్లే, గుండె దడ దాని వల్లే, గొంతు నొప్పి గురించి ఇక చెప్పనే అక్కర్లేదు. ఈ హడావిడిలో థైరాయిడ్ వాపు ఎవరి దృష్టికీ రాకుండా పోతుంది. మరోవైపు, తీవ్రంగా జబ్బుపడిన మనిషికి చేసిన ఒక్క రక్త పరీక్ష చూసి, లేని థైరాయిడ్ జబ్బును అంటగట్టడమూ జరుగుతుంది. రెండూ నష్టమే. కింది సమాధానాలు మీ వైద్యుడితో వివరంగా మాట్లాడటానికి పనికివస్తాయి. మందుల మోతాదు మాత్రం ఆయనే నిర్ణయించాలి.

థైరాయిడ్ వాపు అంటే ఒకే జబ్బా?

కాదు. థైరాయిడైటిస్ అనే పేరు కింద చాలా జబ్బులున్నాయి. అందరికీ తెలిసినది హాషిమోటో థైరాయిడైటిస్. ఇందులో మన రోగనిరోధక వ్యవస్థే ఏళ్ల తరబడి నెమ్మదిగా గ్రంథిని దెబ్బతీస్తుంది, చివరికి హార్మోన్ తగ్గిపోతుంది. నొప్పి దాదాపుగా ఉండదు. వైరస్‌తో ఎక్కువగా ముడిపడినది సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్. ఇది నొప్పితో వస్తుంది, కొన్ని నెలల్లో చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నొప్పి లేకుండా వచ్చిపోయే రకం, ప్రసవం తర్వాత వచ్చే రకం, బ్యాక్టీరియా వల్ల చీము పట్టే రకం కూడా ఉన్నాయి. గ్రేవ్స్ వ్యాధి వేరు. అందులో యాంటీబాడీలు గ్రంథిని ఉసిగొల్పి అవసరానికి మించి హార్మోన్ తయారుచేయిస్తాయి. వైరస్‌లు ప్రబలినప్పుడు గ్రేవ్స్ ఉన్నవారికీ ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది కాబట్టి దాని గురించి కూడా కింద రాశాను.

వైరస్‌కూ ఈ వాపుకూ సంబంధం ఉందని ఎలా తెలిసింది?

సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్‌కు స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ పేరు కూడా ఉంది. ఆయన 1904లోనే దీన్ని వివరించారు. జలుబు, గొంతు నొప్పి, ఫ్లూ లాంటి జ్వరం వచ్చి తగ్గిన కొన్ని వారాలకు ఇది మొదలవుతుందన్నది వైద్యులు ఎప్పటి నుంచో గమనిస్తున్న విషయం. 1957లో ఇజ్రాయెల్ వైద్యులు గవదబిళ్లల వైరస్‌కూ దీనికీ ఉన్న సంబంధాన్ని ప్రచురించారు. ఆ తర్వాత కాక్సాకీ, అడినో, ఇన్‌ఫ్లుయెంజా, తట్టు, ఎప్‌స్టీన్-బార్ వంటి అనేక వైరస్‌ల తర్వాత ఇది వచ్చినట్టు నమోదైంది. చాలా ప్రాంతాల్లో వేసవి నుంచి శరదృతువు వరకు ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కాక్సాకీ వంటి ఎంటెరోవైరస్‌లు విజృంభించే కాలమూ అదే.

కొవిడ్ రావడంతో ఈ చర్చ ఒక్కసారిగా ఊపందుకుంది. 2020లో ఇటలీ వైద్యులు కొవిడ్ నుంచి కోలుకున్న 18 ఏళ్ల యువతికి మెడ నొప్పి, గుండె దడ, జ్వరం వచ్చి సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్‌గా తేలిన ఉదంతాన్ని ప్రచురించారు. తర్వాత అనేక దేశాల నుంచి అలాంటివే వచ్చాయి. కొవిడ్ వైరస్ కణాల్లోకి దూరడానికి వాడుకునే ఏసీఈ2 గ్రాహకాలు థైరాయిడ్ కణాల మీద కూడా ఉన్నాయి. అంతకు ముందు, 2003 నాటి సార్స్‌తో మరణించిన కొందరి థైరాయిడ్ కణజాలాన్ని పరిశీలించినప్పుడు హార్మోన్ తయారుచేసే కణాలు దెబ్బతిన్నట్టు కనిపించింది.

ఇవన్నీ గట్టి ఆనవాళ్లే. అయినా చాలామంది రోగుల గ్రంథిలో వైరస్ నేరుగా దొరకదు. వైరస్ వెళ్లిపోయాక రోగనిరోధక వ్యవస్థ చూపే ప్రతిస్పందనే గ్రంథిని దెబ్బతీస్తోందన్న వాదనకు అందుకే బలం ఉంది.

అందరికీ వైరస్ సోకినా కొందరికే ఎందుకు వస్తుంది?

పుట్టుకతో వచ్చే జన్యు లక్షణాలకు ఇందులో పెద్ద పాత్ర ఉంది. హెచ్‌ఎల్‌ఏ-బీ35 అనే కణజాల గుర్తు ఈ వ్యాధి ఉన్నవారిలో సాధారణ జనం కంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది. స్త్రీలకు పురుషుల కంటే కొన్ని రెట్లు ఎక్కువగా వస్తుంది. ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య వయసువారిలో ఎక్కువ. మొత్తం మీద చూస్తే అరుదైన జబ్బే. వైరస్ సోకిన ప్రతి ఒక్కరూ థైరాయిడ్ గురించి భయపడాల్సిన పని లేదు.

గ్రంథి లోపల అసలు ఏం జరుగుతుంది?

థైరాయిడ్‌కు ఒక విశేషం ఉంది. హార్మోన్‌ను అప్పటికప్పుడు తయారుచేసి పంపడంతో సరిపెట్టుకోదు, రెండు మూడు నెలలకు సరిపడా తనలోనే నిల్వ ఉంచుకుంటుంది. వాపు వల్ల కణాలు చితికిపోతే, గట్టు తెగిన చెరువులా ఆ నిల్వంతా అదుపు లేకుండా రక్తంలోకి వచ్చేస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం అప్పుడు మొదలవుతాయి. ఈ దశ సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు, కొందరిలో ఇంకొంచెం ఎక్కువ కాలం ఉంటుంది. నిల్వ అయిపోతుంది, కొత్తది తయారుచేసే స్థితిలో గ్రంథి ఉండదు. దాంతో కొందరికి హార్మోన్ తక్కువైన దశ వస్తుంది: మందకొడితనం, చలి, మలబద్ధకం, బరువు పెరగడం. తర్వాత కణాలు కోలుకుని గ్రంథి మళ్లీ పనిలో పడుతుంది.

ఇందులో ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది, మొదటి దశలో హార్మోన్ ఎక్కువగా ఉన్నా గ్రంథి దాన్ని ఎక్కువగా తయారుచేయడం లేదు. చికిత్స మొత్తం ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

జ్వరం తగ్గిన ఎన్నాళ్లకు మొదలవుతుంది? ఎలా గుర్తుపట్టాలి?

సాధారణంగా రెండు నుంచి ఎనిమిది వారాల్లో. ఈ ఎడం వల్లే చాలామంది రెండింటినీ కలిపి ఆలోచించరు. జ్వరం వచ్చిన సంగతి వైద్యుడికి చెప్పరు, ఆయన అడగకపోతే అక్కడితో ఆ ఆధారం పోయినట్టే. ఇటీవల ఏ చిన్న వైరస్ జ్వరం వచ్చినా, ఇంట్లో ఎవరికైనా వచ్చినా తప్పక చెప్పండి.

నొప్పి మెడ ముందు భాగంలో, కంఠమణికి కింద ఉంటుంది. దవడకు, చెవికి పాకుతుంది. అందుకే కొందరు పంటి వైద్యుడి దగ్గరికి, కొందరు చెవి వైద్యుడి దగ్గరికి వెళ్తారు. తల తిప్పినా, మింగినా నొప్పి పెరుగుతుంది. కాలర్ బొత్తాం తగిలినా ఓర్చుకోలేనంత సున్నితంగా ఉంటుంది. ఒక పక్క మొదలై కొన్ని రోజుల్లో రెండో పక్కకు జరగడం దీని ప్రత్యేకత. వీటికి తోడు ఒళ్లు నొప్పులు, సాయంత్రాలు పెరిగే జ్వరం, విపరీతమైన అలసట.

మామూలు గొంతు నొప్పికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

గొంతు ఇన్‌ఫెక్షన్‌లో నొప్పి లోపల ఉంటుంది, నోరు తెరిచి చూస్తే ఎర్రదనం కనిపిస్తుంది. థైరాయిడ్ వాపులో గొంతు లోపల చూడటానికి బాగానే ఉంటుంది, మెడ మీద వేలితో నొక్కితే మాత్రం ప్రాణం పోయినంత పనవుతుంది. యాంటీబయాటిక్ ఒక కోర్సు పూర్తయినా, ఇంకోటి మొదలుపెట్టినా నొప్పి తగ్గకపోతే థైరాయిడ్ వైపు చూడాల్సిందే. మూడో యాంటీబయాటిక్ రాసే ముందు వైద్యుడు మెడ మీద చెయ్యి వేసి చూడాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఆ పని ఒక్క నిమిషంలో అయిపోతుంది, దాంతో వారాల బాధ తప్పుతుంది.

నొప్పి లేకుండా కూడా వైరస్ వల్ల థైరాయిడ్ దెబ్బతింటుందా?

అవును. 2020లో ఇటలీలోని మిలన్‌లో, తీవ్ర సంరక్షణ అవసరమైన కొవిడ్ రోగులను పరిశీలిస్తే సుమారు 15 శాతం మందిలో హార్మోన్ అధికంగా ఉన్న స్థితి కనిపించింది. అంతకు ముందు ఏడాది అదే స్థాయి చికిత్సకు చేరిన ఇతర రోగుల్లో ఇది సుమారు 1 శాతమే. కొవిడ్ రోగుల్లో మెడ నొప్పి లేదు. అప్పటికే ఆయాసంతో, వేగంగా కొట్టుకునే గుండెతో ఉన్న మనిషిలో దీన్ని లక్షణాలను బట్టి పట్టుకోవడం కష్టం, రక్త పరీక్షలోనే తెలుస్తుంది. గుండె లయ తప్పినప్పుడు థైరాయిడ్ పరీక్ష కూడా చేయించడం మంచిది.

ఆసుపత్రిలో ఉండగా టీఎస్‌హెచ్ తేడాగా వచ్చింది. నాకు థైరాయిడ్ జబ్బు ఉన్నట్టేనా?

తొందరపడకండి. టీ3, టీ4 థైరాయిడ్ తయారుచేసే హార్మోన్లు, టీఎస్‌హెచ్ ఆ గ్రంథిని పనిచేయించడానికి మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్. ఏ తీవ్రమైన జబ్బు వచ్చినా శరీరం టీ3ని తగ్గించుకుంటుంది. జబ్బు మరీ ముదిరితే టీ4, టీఎస్‌హెచ్ కూడా తగ్గుతాయి. గ్రంథిలో ఏ లోపమూ లేకుండానే ఇలా జరుగుతుంది. కోలుకుంటున్న రోజుల్లో టీఎస్‌హెచ్ కొద్దికాలం మామూలు కంటే పైకి కూడా వెళ్లవచ్చు. ఆ సమయంలో పరీక్ష చేస్తే హార్మోన్ తక్కువైందని పొరబడే ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో వాడే స్టెరాయిడ్లు టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా ఉన్న టీ4) ఫలితాన్ని ఎక్కువగా చూపించవచ్చు. సీటీ స్కాన్‌లో ఎక్కించే అయోడిన్ మందు కొందరి గ్రంథిని నిజంగానే తారుమారు చేస్తుంది.

లక్షణాలు బలంగా లేకపోతే, పూర్తిగా కోలుకున్న ఆరు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించడమే సరైన దారి. ఆసుపత్రి మంచం మీద చేసిన ఒక్క పరీక్షతో మొదలుపెట్టిన మాత్రలు ఎందుకు వాడుతున్నారో కూడా తెలియకుండా ఏళ్ల తరబడి కొనసాగకూడదు. మీకు అలాంటి మాత్రలు రాసి ఉంటే, ఎప్పుడు ఆపి చూద్దామని వైద్యుడిని అడగండి. మీ అంతట మీరు ఆపవద్దు.

ఏ పరీక్షలు అవసరం?

టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, టీ3. వాటితో పాటు ఒంట్లో వాపు ఎంతుందో చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలు. సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్‌లో ఈఎస్‌ఆర్ తరచుగా 50 దాటుతుంది, 100 దాటడమూ అరుదు కాదు. అల్ట్రాసౌండ్‌లో గ్రంథిలో అంచులు స్పష్టంగా లేని నల్లటి మచ్చల్లాంటి ప్రాంతాలు కనిపిస్తాయి, అక్కడ రక్త ప్రసరణ తక్కువగా ఉంటుంది. గ్రేవ్స్‌లో అయితే ప్రసరణ బాగా పెరుగుతుంది. అనుమానం తీరకపోతే గ్రేవ్స్‌లో కనిపించే టీఎస్‌హెచ్ గ్రాహక యాంటీబాడీల పరీక్ష, అయోడిన్ అప్‌టేక్ స్కాన్ తేల్చేస్తాయి. వాపు ఉన్న గ్రంథి అయోడిన్‌ను దాదాపుగా తీసుకోదు, గ్రేవ్స్ గ్రంథి ఆబగా తీసుకుంటుంది. గర్భిణులకు ఈ స్కాన్ చేయకూడదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. జుట్టు రాలుతోందని వాడే బయోటిన్ మాత్రలు కొన్ని ప్రయోగశాలల యంత్రాలను తప్పుదోవ పట్టిస్తాయి, గ్రేవ్స్ లేనివారికి ఉన్నట్టే ఫలితం వస్తుంది. వైరస్ జ్వరం తర్వాత జుట్టు రాలడం మామూలే కాబట్టి ఈ మాత్రలు వాడేవారు అప్పుడు ఎక్కువవుతారు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపండి. మోతాదు పెద్దదైతే ఎన్నాళ్లు ఆపాలో అడిగి తెలుసుకోండి.

చికిత్స ఏమిటి?

నొప్పి ఓ మోస్తరుగా ఉంటే ఐబుప్రొఫెన్, న్యాప్రోక్సెన్ వంటి నొప్పి నివారణ మందులు సరిపోతాయి. వాటికి తగ్గకపోతే, లేదా నొప్పి మొదటి నుంచీ తీవ్రంగా ఉంటే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. దీని ప్రభావం చూడముచ్చటగా ఉంటుంది: వారాల తరబడి నిద్ర లేని మనిషికి ఒకటి రెండు రోజుల్లో నొప్పి తీసేసినట్టు పోతుంది. మూడు రోజులైనా తేడా లేకపోతే రోగ నిర్ధారణనే మళ్లీ పరిశీలించాలి. అయితే నొప్పి పోయింది కదా అని స్టెరాయిడ్‌ను ఠక్కున ఆపితే నొప్పి తిరగబెడుతుంది. కొన్ని వారాల పాటు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. గుండె దడకు, వణుకుకు ప్రొప్రనలాల్ పనిచేస్తుంది. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

డెంగీ ప్రబలుతున్న సమయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. జ్వరం డెంగీ కాదని తేలేవరకు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి వాడకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అంతవరకు పారాసెటమాల్ ఒక్కటే.

హార్మోన్ ఎక్కువగా ఉంటే కార్బిమజోల్ ఎందుకు ఇవ్వరు?

గ్రేవ్స్‌కు వాడే కార్బిమజోల్, మెథిమజోల్ కొత్త హార్మోన్ తయారీని ఆపుతాయి. ఈ వాపులో జరుగుతున్నది పాత నిల్వ బయటికి రావడం. కాబట్టి వాటి వల్ల ఉపయోగం లేదు, దుష్ప్రభావాలు మాత్రం మిగులుతాయి.

నాకు గ్రేవ్స్ ఉంది, కార్బిమజోల్ వాడుతున్నాను. జ్వరం, గొంతు నొప్పి వచ్చాయి. ఇది ఊరందరికీ వస్తున్న వైరసే కదా?

కావచ్చు. కానీ అలా అనుకుని ఊరుకోవద్దు. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

కార్బిమజోల్, మెథిమజోల్, ప్రొపైల్‌థయోయురాసిల్ వాడేవారిలో వెయ్యికి రెండు నుంచి ఐదుగురికి రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. దీన్ని అగ్రాన్యులోసైటోసిస్ అంటారు. ఎక్కువగా మందు మొదలుపెట్టిన మొదటి మూడు నెలల్లో వస్తుంది, తర్వాత రాదని మాత్రం హామీ లేదు. దీని తొలి గుర్తులు జ్వరం, గొంతు నొప్పి, నోటిలో పుండ్లు. చుట్టూ అందరికీ అవే లక్షణాలున్న రోజుల్లో ఇది ఎంత సులువుగా దాగిపోతుందో ఆలోచించండి. పైగా సకాలంలో పట్టుకోకపోతే ప్రాణాంతకం.

చేయవలసినది: మందు తర్వాతి మోతాదు వేసుకోకుండా ఆపి, అదే రోజు రక్తంలో తెల్లకణాల సంఖ్య, వాటిలో న్యూట్రోఫిల్స్ సంఖ్య చూపించే పరీక్ష చేయించుకోవాలి. వైరస్ పరీక్ష పాజిటివ్ వచ్చినా ఈ పరీక్ష మానకూడదు. రెండూ ఒకేసారి ఉండవచ్చు. తెల్లకణాలు బాగానే ఉన్నాయని తేలితే వైద్యుడు వెంటనే మందు మళ్లీ మొదలుపెట్టమంటారు, అప్పుడు ఆలస్యం చేయవద్దు. ఎందుకంటే అదుపులో లేని గ్రేవ్స్ ఉన్నవారికి ఇన్‌ఫెక్షన్ సోకితే థైరాయిడ్ స్టార్మ్ అనే అత్యవసర స్థితి తలెత్తవచ్చు: తీవ్రమైన జ్వరం, విపరీతమైన గుండె వేగం, వాంతులు, కలవరింతలు. మీరు వాడుతున్న మందు పేరు, జ్వరం వస్తే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ తెలిసేలా పెట్టండి.

హాషిమోటో ఉంది, రోజూ లెవోథైరాక్సిన్ వేసుకుంటాను. నాకు వైరస్‌లు త్వరగా సోకుతాయా?

హార్మోన్ అదుపులో ఉంటే మిగతావారి కంటే ఎక్కువ ముప్పేమీ లేదు. తన కణజాలం మీదే దాడి చేసే రోగనిరోధక వ్యవస్థ వేరు, బలహీనపడిన రోగనిరోధక వ్యవస్థ వేరు. లెవోథైరాక్సిన్ అంటే తక్కువైన థైరాయిడ్ హార్మోన్‌ను భర్తీ చేసే మాత్రే, అది రోగనిరోధక శక్తిని తగ్గించదు. జ్వరం వచ్చినా మానకండి. నాలుగు రోజులు నోటితో ఏమీ తీసుకోలేకపోయినా కంగారు అక్కర్లేదు, వారం గడిచినా ఈ హార్మోన్ శరీరంలో సగం వరకు నిలిచి ఉంటుంది. జబ్బు పడ్డాక వాడే క్యాల్షియం, ఐరన్ మాత్రలు దీన్ని పేగుల్లో పీల్చుకోనివ్వవు. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉంచండి.

గ్రేవ్స్‌తో పాటు వచ్చే థైరాయిడ్ కంటి జబ్బుకు పెద్ద మోతాదు స్టెరాయిడ్లో, రోగనిరోధక శక్తిని అణచే ఇతర మందులో వాడేవారి సంగతి వేరు. వారికి ఇన్‌ఫెక్షన్ ముప్పు నిజంగానే ఎక్కువ.

వైరస్ వల్ల కొత్తగా హాషిమోటో, గ్రేవ్స్ వస్తాయా?

కొవిడ్ తర్వాత గ్రేవ్స్ బయటపడిన, లేదా తగ్గినది తిరగబెట్టిన ఉదంతాలు నమోదయ్యాయి. హెపటైటిస్ సీ ఉన్నవారిలో థైరాయిడ్ యాంటీబాడీలు ఎక్కువగా కనిపిస్తాయి. అయితే ఒక వ్యక్తిని చూపించి ఇతనికి ఫలానా వైరస్ వల్లే వచ్చిందని చెప్పడం సాధ్యం కాదు. లోపల ఏళ్లుగా సిద్ధమవుతున్న జబ్బును వైరస్ బయటికి తెచ్చి ఉండవచ్చు.

టీకా వేయించుకోవచ్చా?

వేయించుకోవాలి. ఇన్‌ఫ్లుయెంజా, కొవిడ్ టీకాల తర్వాత సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ వచ్చిన ఉదంతాలున్న మాట నిజమే. అవి అరుదు, ఎక్కువమంది కోలుకున్నారు కూడా. వైరస్ వల్ల థైరాయిడ్‌కూ మిగతా శరీరానికీ జరిగే నష్టంతో పోలిస్తే టీకా వైపే మొగ్గు చూపాలన్నది నా స్పష్టమైన అభిప్రాయం. పెద్ద మోతాదు స్టెరాయిడ్లు వాడుతున్నవారు మాత్రం తట్టు, గవదబిళ్లల వంటి సజీవ వైరస్ టీకాల విషయంలో ముందు వైద్యుడిని అడగాలి.

అయోడిన్ ఎక్కువగా తీసుకుంటే గ్రంథికి రక్షణ ఉంటుందా?

ఉండదు. అవసరానికి మించిన అయోడిన్ హాషిమోటో ఉన్నవారికి హార్మోన్‌ను మరింత తగ్గించవచ్చు, థైరాయిడ్‌లో గడ్డలున్నవారికి అమాంతం పెంచవచ్చు.

పిల్లలకు మెడ ముందు నొప్పి, జ్వరం వస్తే ఇదేనా?

పిల్లల్లో సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ చాలా అరుదు. మెడకు ఒక పక్క, ముఖ్యంగా ఎడమ పక్క ఎర్రగా వాచి, జ్వరం తీవ్రంగా ఉంటే బ్యాక్టీరియా వల్ల చీము పట్టిందేమో ముందు చూడాలి. దానికి యాంటీబయాటిక్ తప్పనిసరి, స్టెరాయిడ్ ఇస్తే హాని. పెద్దవారిలోనూ ఇలాంటి వాపు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

జీవితాంతం మాత్రలు వాడాల్సి వస్తుందా? మళ్లీ వస్తుందా?

సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ వచ్చినవారిలో ఎక్కువమందికి గ్రంథి పూర్తిగా కోలుకుంటుంది. సుమారు 5 నుంచి 15 శాతం మందికి హార్మోన్ లోపం శాశ్వతంగా మిగులుతుంది. మధ్యలో వచ్చే లోపం దశలో లెవోథైరాక్సిన్ ఇచ్చినా, కొన్ని నెలలకు తగ్గించి చూడాలి. రెండు నుంచి ఎనిమిది వారాలకోసారి, హార్మోన్లు నిలకడకు వచ్చేవరకు పరీక్ష చేయిస్తారు. ఆ తర్వాత కూడా ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూపించుకోవడం మంచిది. పూర్తిగా తగ్గాక ఏళ్ల తర్వాత తిరగబెట్టడం నూటికి ఒకరిద్దరి నుంచి నలుగురి వరకు కనిపిస్తుంది. అప్పుడు కూడా అదే చికిత్స. ఒకసారి వచ్చినవారు ఆ పాత రిపోర్టులు పారేయకుండా దాచుకుంటే, మరోసారి మెడ నొప్పి మొదలైనప్పుడు కొత్త వైద్యుడు చూసినా సంగతి వెంటనే అర్థమవుతుంది.